బాలమ్మ బర్రెలు నా లాగూన్‌లో దిగిన మధ్యాహ్నం

1993 వేసవి. పటాన్‌చెరు హైవే పక్కన, ఒక టైర్ల దుకాణం పైఅంతస్తులో మా ఆఫీసు. గోదాముల నేలలు, కోళ్ల షెడ్ల కప్పులు, గోబర్ గ్యాస్ ప్లాంట్లు, పశువుల కొట్టాల మురుగు కాలువలు మా పని. వ్యవసాయానికీ సిమెంటుకీ ఎక్కడ సంబంధం కుదిరినా అక్కడ మేమే పెళ్లి పెద్దలం. వ్యవసాయ ఇంజనీరింగ్ చదివి అప్పటికి ఆరేళ్లయింది. కింద దుకాణంలో టైరు పేలినప్పుడల్లా పైన నా డ్రాయింగ్‌లో గీత పక్కకు పోయేది. మా పనిలో బయటపడ్డ లోపాలన్నిటికీ చాలాకాలం ఆ టైర్లనే బాధ్యులను చేశాం. ఇప్పుడు చెప్పబోయే లోపానికి మాత్రం టైర్లతో ఏ సంబంధమూ లేదు.

ఇంజనీరు అనగానే జనం వంతెనలు ఊహించుకుంటారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పెండతో గడిచింది. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "లిక్విడ్ స్టోరేజ్" అనేవాణ్ని. అబద్ధం కాదు. ఆ తరవాత ప్రశ్న రాకముందే భోజనాల వైపు నడిచేవాణ్ని.

ఇంద్రేశం ఊరు దాటాక గుట్ట వాలులో పదిహేను ఇళ్ల చిన్న వాడ ఒకటి ఉండేది. అందులో బాలమ్మది పెద్ద కొట్టం, నలభై బర్రెలు. యాభై ఏళ్ల మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. భర్త ఏదో కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఆయనను నేను రెండుసార్లే చూశాను, రెండుసార్లూ నిద్రలోనే ఉన్నాడు. బర్రెల వెంట తిరిగేది మరిది సాయిలు. ఆయన మాట వదినె కంటే కూడా తక్కువ. ఆ ఇంట్లో మాట్లాడేవి బర్రెలే అనిపించేది.

అంతకు ముందు ఏడాది బాలమ్మ కొట్టంలో సిమెంటు గచ్చు పోయించి, మోటారు పెట్టించి, పైపుతో కడగడం మొదలుపెట్టింది. కొట్టం అద్దంలా తయారైంది. కష్టం అక్కడే వచ్చింది. పూర్వం పెండను గంపలతో ఎత్తి కుప్ప పోసేవాళ్లు. ఇప్పుడు పెండ, మూత్రం, కడిగిన నీళ్లు అన్నీ కలిసి చిక్కటి జావలా పారుతున్నాయి. మా భాషలో దాన్ని స్లర్రీ అంటారు. పెండ పెట్టినచోట ఉంటుంది. స్లర్రీ ఉద్యోగం వెతుక్కుంటూ పోతుంది. పొలానికి అది మంచి ఎరువే కానీ వానాకాలంలో వేస్తే వానతో పాటే కొట్టుకుపోతుంది. కనీసం నాలుగు నెలలు ఎక్కడో ఒకచోట దాచాలి. ఎక్కడ, ఎందులో అని తేల్చడానికి నన్ను పిలిచారు.

మొదటి రోజు బాలమ్మ నన్ను కొట్టానికి తీసుకుపోలేదు. నేరుగా బావి దగ్గరికి తీసుకుపోయింది. రాతికట్టు బావి. లోపలికి చూస్తే ఆకాశం ముక్క ఒకటి అడుగున నింపాదిగా కదులుతోంది. కంపెనీల వ్యర్థాలతో చుట్టుపక్కల బోర్ల నీళ్లు ఒక్కొక్కటిగా రంగు తిరుగుతున్న రోజులవి. ఆ బావి మాత్రం అలాగే ఉంది.

"సారూ, నువ్వు ఏమన్న కట్టు, యాడన్న కట్టు. నా బాయికి మాత్రం ఏం గావొద్దు. పదిహేను ఇండ్లోల్లం గీ నీళ్లే తాగుతం."

"ఏమీ కాదమ్మా," అన్నాను. లెక్క వేయకుండా అలాంటి మాట అనగలిగే వయసు.

మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, కట్టుబడి టాంకు. ఖర్చు, పైకి తోడటానికి పంపు, మేస్త్రీ, ఆలస్యం. రెండోది, కంపెనీలు వదిలేసిన పాత ఇనుప టాంకు. మా ఫ్యాక్టరీల బెల్టులో తుక్కు దుకాణాలకు కొదవ లేదు కాబట్టి బాలమ్మతో వెళ్లి ఒకటి చూశాను. రైలు పెట్టెంత ఉంది.

"ఇందులో ముందు ఏముండె?" అని అడిగాను.

"ఏం లేకుండె సాబ్," అన్నాడు దుకాణదారు, భక్తిగా గుండె మీద చెయ్యి పెట్టుకుని. "జెర వాసన ఉండె, గంతే."

ఆ వాసన ఇంకా ఉంది. బాలమ్మ టాంకును ఒకసారి, దుకాణదారును ఒకసారి చూసి, వెళ్లి ఆటోలో కూర్చుంది. రెండోదారి అలా ముగిసింది.

మూడోది లాగూన్. వాలు గట్లతో తవ్విన మట్టి గుంత. కొట్టం నుంచి స్లర్రీ తనంతట తానే పల్లానికి పారి అందులో చేరుతుంది. పంపు అక్కర్లేదు. మా పాఠ్యపుస్తకంలో లాగూన్ బొమ్మ పక్కన పచ్చిక, పచ్చిక మీద తెల్లటి ఆవులు ఉండేవి. ఆ ఆవులకు ఎండ తగిలినట్టు ఎక్కడా అనిపించదు. నేను ఆ పేజీని ప్రేమించాను. అడుగు లోతుకు మూడడుగుల వాలు ఇవ్వాలి, అప్పుడే గట్టు జారదు. దాన్ని సైడ్ స్లోప్ అంటారు. పైన రెండడుగులు ఖాళీ వదలాలి, వాన పడితే పొంగకుండా. దాన్ని ఫ్రీబోర్డ్ అంటారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.

చోటు ఎంచడానికి డంపీ లెవెల్ పట్టుకెళ్లాను. మూడు కాళ్ల మీద నిలబడే దుర్భిణి అది, ఎత్తుపల్లాలు చెబుతుంది. రెండు రోజులు ఒక కన్ను మూసుకుని అందులోంచి లోకాన్ని చూశాను. సాయిలు అంకెల కర్ర పట్టుకుని నేను చూపినచోటల్లా నిలబడ్డాడు. బావికి రెండు వందల అడుగుల దూరంలో, ఉత్తరపు మూల, అన్నిటికంటే పల్లం దొరికింది. అక్కడ గుంత తీసి నీళ్లు పోసి ఎంత ఇంకుతాయో కొలిచాను. తెల్లారి వెళ్లి చూస్తే పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. పొలమంతా ఎర్ర మొరం. ఆ మూల మాత్రం నల్లటి మట్టి, ఎవరో నా కోసమే ముందుగా పిసికి పెట్టినట్టు నున్నగా ఉంది. ప్రకృతికి మనసులోనే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అంత పెద్ద పొలంలో ఆ ఒక్క మూలకే ప్రకృతి ఎందుకంత శ్రమ పడిందని మాత్రం అడగలేదు.

చోటు చూపించాను. వదినె, మరిది ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఆడనేనా?" అంది బాలమ్మ.

"అక్కడేనమ్మా."

"నువ్వు అంత తెలిసే చెప్తున్నవ్ గదా సారూ?"

"తెలిసే."

"అయితే మంచిదే."

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

మార్చి చివరికి తవ్వకం అయింది. ఏప్రిల్లో స్లర్రీ వదిలాం. అనుకున్న దారిలో, అనుకున్న వేగంతో నా కాలువ వెంట పోయి నా గుంతలో చేరింది. నెల తిరిగేసరికి పైన బెరడులాంటి పొర కట్టింది. పశువులు రాకుండా చుట్టూ ముళ్లకంప వేయించాను. డ్రాయింగ్ ఎలా ఉందో గుంత అలాగే ఉంది. మా ఉద్యోగంలో ఇది అరుదు. ఫొటో కూడా తీయించాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం తనిఖీకి వెళ్లాను. ఆ ఎండను ఎండ అనడం మర్యాదగా మాట్లాడటమే. హైవే మీద లారీలు నీళ్లలో తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. గుట్ట అంచు మసకబారి, అక్కడ గుట్ట ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. కొట్టం నీడలో కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. ఒక్క అక్షరం రాయాలనిపించలేదు. నిద్ర కాదు, మెలకువా కాదు. దూరంగా మేతకు పోయిన మంద తిరిగి వస్తున్న అలికిడి వినిపించింది. దుమ్ములోంచి నల్లటి వీపులు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి.

ముందు నడుస్తున్నది బోడి. ఒక కొమ్ము విరిగిన ముసలి బర్రె, మందకు అది పెద్దదిక్కు. నీళ్ల తొట్టి దాటింది. కొట్టం దాటింది. నన్ను దాటింది, పలకరించకుండా. ఆ రోజు కాలువ పూడిక తీయడానికి కంప ఒకపక్క లాగి పెట్టారు. బోడి ఆ సందులోంచి నడిచి, గట్టు మీద ఒక్క క్షణం ఆగి, నా ఒకటికి మూడు సైడ్ స్లోప్ మీదుగా లాగూన్‌లోకి దిగింది. జారలేదు, తడబడలేదు. ఆ వాలు తన కాళ్ల కొలత తీసుకుని చేసినట్టు ఉంది. బెరడు మెల్లగా పగిలింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి.

అరిచాననే అనుకుంటున్నాను. నా అరుపు నాకే ఎక్కడో దూరంగా వినిపించింది. లాగూన్‌లో గ్యాస్ ఉంటుంది, లోతు పెరిగాక దిగిన మనిషైనా పశువైనా ఊపిరాడక చచ్చిపోవచ్చు. అప్పటికి మూడడుగులే నిండింది కాబట్టి బతికిపోయాం. బర్రెలు మాత్రం మునిగేదాకా కూర్చుని, తలలు పైకెత్తి, కళ్లు అరమూసుకున్నాయి. చెవులు మెల్లగా ఆడుతున్నాయి. అంత నిశ్చింతను నేను ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు. కాసేపు నేనూ వాటితో పాటు ఏమీ ఆలోచించకుండా నిలబడ్డాను.

తేరుకుని, మంద వెనక వచ్చిన మనిషితో అన్నాను, "సాయిలూ, వాటిని బయటికి తోలు!"

సాయిలు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గిప్పుడు రావు సార్. ఎండ తిరిగినంక అవే వస్తయి."

"నీకెట్ల తెలుసు?"

"ఎప్పుడు గట్లనే వస్తుండె."

"ఎప్పుడు?"

"కుంట ఉన్నప్పుడు."

"ఏ కుంట?"

నా అరుపు విని కొట్టంలోంచి వచ్చిన వదినె వైపు చూశాడు సాయిలు. విందు తిని చేయి కడుక్కున్నాక ఇది ఎవరిల్లని అడిగిన చుట్టాన్ని చూసినట్టు బాలమ్మ నన్ను చూసింది.

"గిదే సారూ. నువ్వు తవ్విన జాగ. రోడ్డు ఏసినంక దాని కింది మోరి పూడి నీళ్లు రావుడు తక్కువైంది. ఎనిమిదేండ్ల కింద మా ఆయన కట్ట తీసి సాపు జేయించిండు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు మూడు కాళ్ల మిషన్ వెట్టి, ఒక కన్ను మూసి, రెండు దినాలు చూస్తివి. గంత పెద్ద కుంట కనవడకుంట ఉంటదా అనుకున్నం."

"నేను చెప్తనంటే వదినె ఆగుమన్నది," అన్నాడు సాయిలు. ఆయన నోట నేను విన్న మొదటి పెద్ద వాక్యం అది. "సారు చదువుకున్నోడు, ఏదో తెలిసే పెడ్తుండు, నడుమల మనం మాట్లాడితే మంచిగుండదన్నది."

"అవు మరి! డాక్టరు సూది వెట్టేటప్పుడు గీడ పొడువు, గాడ పొడువు అంటమా?" అంది బాలమ్మ.

సాయిలు గట్టు వైపు చెయ్యి చూపించాడు. "సూడుండ్రి సార్. దిగినవన్ని పాతవే. కుంటల ఈదినవి. గీ పడ్డలు కుంట పోయినంక పుట్టినయి, గీటికి ఎరుకలే."

లెక్కపెట్టాను. లోపల పదకొండు. ఇరవైతొమ్మిది గట్టు మీద వరసగా నిలబడి, పెద్దవాళ్లు చేస్తున్నదేమిటో అర్థం కాని పిల్లల్లా చూస్తున్నాయి. ఎనిమిదేళ్లుగా ఆ చోటు చదునైన నేలే. ఆ పదకొండింటికి మాత్రం అక్కడ కుంట ఒక్కరోజు కూడా పోలేదు. మిగతా మాకందరికీ ఆ మూల ఖాళీగా కనిపించిన కాలమంతా అవి మనసులో నీళ్లు చూస్తూనే నడిచాయి.

ఆ తలపు హాయిగానే ఉంది. దాని వెనక వచ్చిన తలపు కాదు. కుంట అంటే ఎక్కడినుంచో నీళ్లు వచ్చే చోటు.

"నీళ్లు యాడికెల్లి వస్తుండె?" అని బాలమ్మను అడిగాను.

"గుట్ట మీదికెల్లి. పెద్ద వాన వడితే ఇప్పుడు గూడ వస్తయి. నిరుడు గాక ముందటేడు మోకాలు లోతు నిలవడ్డయి, వారం దినాలు."

"నిలబడి యాడికి పోయినయి?"

బాలమ్మ చెయ్యి ఎత్తలేదు. గడ్డంతో చూపించింది. బావి వైపు.

"ఆడికే. మా బాయికి ఊట గదే గద సారూ."

నల్లమట్టి కుంట అడుగున మాత్రమే ఉంది. నేను నీళ్లు పోసి కొలిచింది అక్కడే. దాని పైన పక్కలన్నీ మొరం, జల్లెడతో సమానం. కుంట నిండి నీళ్లు నల్లమట్టి అంచు దాటితే మొరంలోంచి మెల్లగా బావికి చేరతాయి. ఆ బావి తియ్యగా ఉండటానికి కారణం అదే. నేను ఆ ఊటకు తల దగ్గర నలభై బర్రెల స్లర్రీ పెట్టాను. ఫ్రీబోర్డ్ రెండడుగులు వదిలిన మాట నిజమే. గుట్టకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"వానలు ఎప్పుడమ్మా?"

"మిరుగుకు. ఇగ పద్దెనిమిది దినాలుంది." మిరుగంటే మృగశిర కార్తె, వానాకాలానికి మొదలు.

"తప్పు జరిగిందమ్మా," అన్నాను. "నాదే. వాన లోపల ఇది ఖాళీ చేయాలె. లేకుంటే ఇదంత బావిలకు పోతది."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. ఆమె లాగూన్‌లో కూర్చున్న తన బర్రెలనే చూసింది.

"గా పదిహేను ఇండ్లకు నేను ఏం మొఖం వెట్టుకొని పోవాలె సారూ?" అంది. "నా కొట్టం అద్దం లెక్క ఉండాలని వాల్ల నోట్ల పెండ పోయాల్నా?"

ఎండ తిరిగాక, సాయిలు చెప్పినట్టే, బర్రెలు ఒక్కొక్కటే లేచి అదే వాలు మీదుగా పైకి వచ్చాయి. పొదుగులకు రోగం వస్తుందన్న భయంతో పొద్దుగూకే దాకా అందరం పైపులు పట్టుకుని కడిగాం. ఆ పూట పాలు పాలకేంద్రానికి పంపలేదు. కడిగిన నీళ్లన్నీ కాలువలో పడి తిరిగి లాగూన్‌కే వెళ్లాయి. నా డిజైన్ ఆ పని మాత్రం తప్పకుండా చేసింది.

మర్నాడే పైపుతో కడగడం ఆపేశారు. పెండను మళ్లీ గంపలతో ఎత్తి మిట్ట మీద కుప్ప పోశారు. బాలమ్మ పదిహేను ఇళ్లకూ తనే వెళ్లి సంగతి చెప్పింది. నన్ను పక్కన నిలబెట్టి చెప్పింది. ఎవరూ అరవలేదు. ఒక పెద్దాయన మాత్రం నన్ను పైనుంచి కింది దాకా చూసి, "పెద్ద సదువేనా?" అన్నాడు. అవునన్నాను. "గందుకే," అన్నాడు. తరవాత ఎవరి బండి వాళ్లు, ఎవరి డ్రమ్ములు వాళ్లు తెచ్చారు. దున్ని ఉన్న ఎండు చెలకలకు స్లర్రీ తోలుకుపోయారు. అది ఎరువు వేయడానికి అనువైన కాలమే. నేను కూడా డ్రమ్ములు ఎత్తాను. మా ఆఫీసులో నా చొక్కాల గురించి మాట్లాడుకున్నారు. అడుగున మిగిలినదాన్ని పారలతో గీకి, గంపలకెత్తి, నల్లమట్టి నల్లమట్టిగా కనిపించేదాకా తీశాం. చివరి బండి కదిలిన రోజు సాయంత్రమే గుట్ట మీద మబ్బు కమ్మింది. మిరుగుకు ఇంకా మూడు రోజులుండగానే వాన పడింది.

మర్నాడు వెళ్లేసరికి కుంటలో మోకాటి లోతు ఎర్రనీళ్లు. ఇరవైతొమ్మిది పడ్డలు కూడా దిగి ఉన్నాయి. ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకున్నట్టున్నాయి.

ఇక టాంకుకు కొత్త చోటు ఎంచాలి. "గీసారి మిషన్ ఇంట్ల వెట్టి రా సారూ," అంది బాలమ్మ. ఇద్దరం పొలమంతా నడిచాం. ప్రతి చోటా ఆగి, ఇక్కడ ఎప్పుడైనా నీళ్లు నిలబడ్డాయా, ఇక్కడ పశువు పడుకుంటుందా అని అడిగాను. కొట్టం వెనక రాతిమిట్ట దగ్గర ఆమె ఆగింది. "నా పెండ్లైనప్పటి సంది గీడ నీళ్లు నిలవడంగ చూడలే. బర్రె గూడ ఆగది, కాళ్లు కాలుతయి."

"భూమిల తవ్వుదామా, పైన కడదామా?"

"పైన వెట్టు. భూమి లోపట కారితే ఎవలకు ఎరుక? పైన కారితే నా కండ్లకు కనవడ్తది."

నేల మీద నిలబడే టాంకుకు మా పుస్తకంలో రెండు పేజీల సమర్థన ఉంది. ఆమె వాక్యం అందులో లేదు, ఉండాల్సింది. వానల మధ్య దొరికిన ఎండల్లో గుండ్రటి ఇటుక టాంకు లేచింది. సిమెంటు పట్టీలు, లోపల రెండు పూతల ప్లాస్టరు, పైన జాలీ, ఎక్కించడానికి పంపు. ముందు మంచినీళ్లు నింపి వారం రోజులు వదిలాం. రోజూ పొద్దున బాలమ్మ టాంకు చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో గోడంతా తడిమి, చెయ్యి ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూసుకునేది. ఎక్కడా తడి లేదు.

ఆ తరవాత ముప్ఫై ఏళ్లలో నేను చాలా గుంతలు, చాలా టాంకులు గీశాను. ఏ చోటుకు వెళ్లినా మొదట అడిగేవి రెండు: ఇక్కడ ఇంతకుముందు ఏముండేది, మిట్టమధ్యాహ్నం పశువులు ఎటు పోతాయి. మా ఫారంలో ఈ ప్రశ్నలకు గడి లేదు. కాగితం వెనక రాసుకుంటాను. నేను చెప్పినదానికి ఎవరైనా మారుమాట లేకుండా తలూపితే, పెన్ను జేబులో పెట్టేసి అక్కడే కూర్చుంటాను, వాళ్లకు ఏదైనా గుర్తొచ్చేదాకా. ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

ఆ ఏడాది వానాకాలమంతా టాంకు తనిఖీకని నెలకు రెండుసార్లు బాలమ్మ ఇంటికి వెళ్లాను. వెళ్లగానే బావిలోంచి చేదతో నీళ్లు తోడి, చెంబుతో నా చేతికి ఇచ్చేది. దాహంగా ఉందా అని అడిగేది కాదు. నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి నా ముఖంలోకి చూసేది. నేను చెంబు ఖాళీ చేశాకే సాయిలు తన చెంబు ముంచుకునేవాడు. ఆ నీళ్లకు నీళ్ల రుచి తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ మొదటి గుక్కను మింగేముందు నాలుక మీద ఒకసారి తిప్పి చూసుకునేవాణ్ని.

చలికాలం వచ్చాక ఒక పొద్దున వెళ్లాను. కుంట మీద పొగమంచు, మంచులో నల్లటి తలలు. అలవాటుగా బావి దగ్గర నిలబడి చెయ్యి చాపాను.

"గాడేం నిలవడ్డవ్ సారూ, లోపటికి రా," అంది బాలమ్మ. ఆ రోజు చెంబు తేలేదు. చాయ్ ఇచ్చింది.